వాలై కంట్లో నలభై నిమిషాలు

చెప్పండి, ఏం చూశారు? చేప ఎంత పొడవు, ఎంత బరువు, అవన్నీ తరువాత. ఎన్ని అడుగుల లోతులో పడింది, ఏ ఎరకు పడింది, అదీ తరువాతే. దాని కంట్లో ఏం కనిపించింది? దాచకుండా చెప్పండి. నలుగురికీ వినపడేలా చెప్పండి.

స్టోనీ హాలో రిజర్వాయర్ గట్టు మీద వాలై చేపను పట్టిన ప్రతివాడినీ ఇలాగే నిలదీస్తారు. ఎడిసన్ నుంచి కారులో నలభై నిమిషాలు. రెండు గుట్టల మధ్య నీళ్ళు. గుట్ట ఎక్కితే తప్ప ఫోన్ సిగ్నల్ అందదు. వాలై చల్లనీళ్ళ చేప. ఒళ్ళంతా బంగారు పొడి చల్లినట్టు ఉంటుంది, కన్ను మాత్రం పాలగాజు గోళీ. ఆ కంట్లోకి చూస్తే, ఎక్కడో ఒకచోట అప్పుడే జరగబోతున్నది కనిపిస్తుంది. పట్టినవాడికే కనిపిస్తుంది గానీ, అది వాడి సంగతే కానక్కర్లేదు. గట్టు మీదున్న ఎవరిదైనా కావచ్చు. అందుకే పైకి చెప్పాలి. ఎవరి సంగతి వాళ్ళు అందుకుంటారు.

ఇంకొకటి కూడా ఉంది. చేప చేయి వదిలి నీళ్ళలోకి వెళ్ళేదాకా ఆ జరగబోయేది జరగదు. లోకం ఏమీ ఆగిపోదు, ఏదో ఒక అడ్డం వచ్చి ఆలస్యమవుతూ ఉంటుంది, అంతే. మొన్న జూన్‌లో ఫ్రాంక్ అనే ముసలి ప్లంబర్ ఒక వాలైని పట్టి, ఎవరింట్లోనో స్టవ్ మీద పాలు పొంగబోతున్నాయన్నాడు. గిన్నె గుర్తులు విని మల్లికార్జునరావు గారు గుట్టెక్కి ఇంటికి ఫోన్ చేశారు. వాళ్ళావిడ మేడ దిగి స్టవ్ ఆపేదాకా పాలు గిన్నె అంచు మీద నురగ కట్టుకుని నిలబడ్డాయి, ఫ్రాంక్ నీళ్ళలో చేపను పట్టుకుని నిలబడ్డాడు. "థాంక్స్ ఫ్రాంక్," అన్నారు రావుగారు. "నో ప్రాబ్లమ్," అన్నాడు ఫ్రాంక్. ఎవరి గాలం వాళ్ళు మళ్ళీ వేసుకున్నారు.

ఇది అక్టోబరు మాట. మంగళవారం, తొమ్మిదిన్నర కావస్తోంది. మబ్బు పట్టి, ఎదురుగాలి కొడుతోంది. ఆంజనేయప్రసాద్ అప్పటికి మూడు చోట్లు మారాడు. అరవై మూడేళ్ళవాడు, గ్యాస్ స్టేషన్‌లో కార్లకు పెట్రోలు కొట్టే ఉద్యోగం, డ్యూటీ పదకొండింటికి. ఆ గట్టున అతనికంటే వాలై గురించి తెలిసినవాడు లేడు, అతనికంటే నోరున్నవాడూ లేడు. ఆ రోజు మాత్రం కాలు ఒక చోట నిలవడం లేదు. కారణం, పది గజాల అవతల గాలం పట్టుకున్న వినీత్.

వినీత్‌కి ముప్పై రెండేళ్ళు. ఆరు వారాలుగా వారంలో ఐదు రోజులూ వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు బ్యాడ్జి, పైన చవక రెయిన్ కోటు. శనాదివారాలు మాత్రం కనిపించడు. అడిగితే "వర్క్ ఫ్రమ్ హోమ్ అంకుల్" అంటాడు. ఇల్లు అక్కడెక్కడో ఉంటే ఈ గట్టు హోమ్ ఎలా అయిందో ఎవరూ అడగలేదు. ఆంజనేయప్రసాద్‌కి అడగక్కర్లేకుండానే తెలుసు. తెలిసి ఊరుకోవడమే అతనికి ఒంట్లో ముల్లులా ఉంది.

"అట్లా కుదపకు! వాలై అంటే కోడిపిల్ల అనుకున్నావా, అదిలించి పట్టడానికి?" అని అరిచాడు. "సీసం గుండు అడుగు తాకనీ. తాకిందా? జానెడు ఎత్తు. మళ్ళీ దించు. వాలై గుంజదయ్యా. తడిగుడ్డ తగులుకున్నంత బరువు వస్తుంది, అంతే. అప్పుడు లాగాలి."

"ఆ తడిగుడ్డ నాకెప్పుడూ రాదు అంకుల్."

"రాదు. నీ ధ్యాస వానపాము మీద లేదు, వాచీ మీద ఉంది."

మల్లికార్జునరావు గారు మడత కుర్చీలో కూర్చుని, చేపల జాడ చూపించే యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. "ప్రసాదూ, ఆ పక్క గాలి లేదు, హాయిగా ఉంది. అటు పోదామా?"

"మీకు హాయిగా ఉన్నచోట చేపకేం పని? గాలి కొట్టే గట్టుకే చిన్న చేపలు కొట్టుకొస్తాయి, వాటి వెనకే వాలై వస్తుంది. ఇంతకీ ఆ టీవీలో చేప కనిపిస్తోందా, సీరియల్ వస్తోందా?"

"నవ్వు, నవ్వు. నాలుగు వందల డాలర్ల మెషీన్ ఇది."

"నాలుగు డాలర్ల వానపాములు నావి. చూద్దాం ఎవరికి పడుతుందో."

ఆ మాట నోట్లో ఉండగానే ఆంజనేయప్రసాద్ గాలం కొన బరువెక్కింది. తడిగుడ్డ. మణికట్టు చిన్నగా తిప్పాడు. రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచి, మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, చేతులు తడిపి చేపను పట్టుకున్నాడు. కొక్కెం తీశాడు. మంచి చేప, మోచెయ్యి దాటి పొడవుంది.

"ఏం చూశావు?" అన్నారు రావుగారు కుర్చీలోంచి లేవకుండానే.

ఆంజనేయప్రసాద్ కంట్లోకి చూశాడు. "ఆఫీసు బిల్డింగు. ముందు పార్కింగ్. ఎర్ర కారు. అందులో ఒక అమ్మాయి, ఒక్కతే. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని ఊపిరి వదులుతోంది, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నట్టుంది. ఒళ్ళో స్టీలు క్యారియర్. పసుపు గుడ్డలో ముడి వేసి ఉంది. కారు దిగబోతోంది. లోపలికి పోయి ఎవర్నో అడగబోతోంది."

వినీత్ చేతిలో గాలం రాళ్ళ మీద పడింది.

"మా రష్మి," అన్నాడు. "అది మా పక్కింటి మీనా వాళ్ళ కారు. రష్మికి ఫ్రైడే లైసెన్స్ వచ్చింది. నేను... నేను ఇవాళ లంచ్ బాక్స్ ఇంట్లో మర్చిపోయాను."

ఆంజనేయప్రసాద్ చేపను నీళ్ళలోకి దించి, మొప్పలు మునిగేలా, కన్ను మాత్రం పైన ఉండేలా రెండు చేతుల మధ్య నిలిపాడు. "ఉద్యోగం పోయి ఎన్నాళ్ళయింది?"

"నలభై ఏడు రోజులు."

"నీ వీసాకి అరవై రోజుల్లో కొత్తది దొరక్కపోతే దేశం వదలాలి. అంతేగా?"

"పదమూడు రోజులు ఉన్నాయి అంకుల్. రెండు కంపెనీల్లో ఫైనల్ రౌండ్ దాకా వచ్చింది. కన్ఫర్మ్ అయ్యాక చెప్దామని. ముందే చెప్తే దిష్టి..."

"దిష్టి! కట్టుకున్న పెళ్ళాం దిష్టి తగులుతుందిరా నీకు?"

వినీత్ వినడం లేదు. కళ్ళు గుట్ట వైపు పరుగెడుతున్నాయి. "అంకుల్, మీరు చేపను వదలకండి, ప్లీజ్. మా రోహన్ ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. గుట్టెక్కి వాడికి కాల్ చేస్తాను. వాడు బయటికొచ్చి బాక్స్ తీసుకుని, వినీత్ మీటింగ్‌లో ఉన్నాడని చెప్తాడు. టూ మినిట్స్. ఎవరికీ ప్రాబ్లమ్ ఉండదు."

"రెండు నిమిషాలకైతే ఇప్పుడే వదిలేస్తాను."

"అంకుల్!"

"అరవకు. నీ అబద్ధానికి కాపలా కాయడానికి నేను చల్లనీళ్ళలో దిగలేదు."

మల్లికార్జునరావు గారు కలగజేసుకున్నారు. "కుర్రాడు బెదిరిపోయి ఉన్నాడు ప్రసాదూ. వాడి సంసారం, వాడి ఇష్టం."

"మీరుండండి రావుగారూ." ఆంజనేయప్రసాద్ విసురుగా తిరిగాడు. చేప తోక కొట్టింది. అతను పట్టు సడలించి, మళ్ళీ సర్దుకున్నాడు. "వినీత్, ఇటు చూడు. పదహారేళ్ళ కిందట నేనూ నీలాగే బ్యాడ్జి వేసుకుని తిరిగాను. మా టీమ్‌ని మొత్తం తీసేశారు. ఐదు నెలలు పొద్దున్నే రైలెక్కి జెర్సీ సిటీ పోయి, స్టేషన్ బెంచీ మీద కూర్చుని, మా ఆవిడ కట్టిన బాక్స్ తిని, సాయంత్రం ఇంటికి వచ్చి ఆఫీసు కబుర్లు చెప్పేవాణ్ణి. మేనేజర్ని తిట్టేవాణ్ణి కూడా. లేని మేనేజర్ని! ఒకరోజు మా ఆవిడ లక్ష్మీకాంతం ఓక్ ట్రీ రోడ్డు కొట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఎవరో అడిగారట: ఏవండీ, మీ ఆయన రోజూ ఆ బెంచీ మీద కూర్చుంటారేంటి అని. లక్ష్మీకాంతం ఆ వంకాయలు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చింది. తిట్టలేదు. ఏడవలేదు. నాతోనే ఉంది, నాతో పాటే కష్టపడింది. వీసా కాగితాలు చక్కబడడానికి పదకొండేళ్ళు పట్టింది, అదీ అయింది. కానీ ఇవాళ్టికీ నేను పనిలోకి వెళ్ళానని ఫోన్ చేస్తే ఏమంటుందో తెలుసా? ఏదీ, ఆ పంపు చప్పుడు వినిపించండి అంటుంది. పదహారేళ్ళు! రోజూ ఫోన్‌ని పంపు దగ్గర పెట్టి వినిపిస్తాను. అదిరా నేను సంపాదించింది."

వినీత్ ముఖం తిప్పుకున్నాడు.

"ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి ఎవడి నోటో వినకూడదు. ఆ రోహన్ వచ్చి అబద్ధమూ చెప్పకూడదు. నువ్వు వెళ్ళు. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. నలభై నిమిషాలు నేను పట్టుకుంటాను."

"ఫార్టీ మినిట్స్ చేప బతుకుతుందా అంకుల్?"

"అది నా పని. పదమూడు రోజులంటున్నావే, ఇద్దరూ కలిసి వెతికితే అవి ఇరవై ఆరు. పో!"

వినీత్ పరుగెత్తాడు. గుట్ట ఎక్కుతూ జేబులోంచి ఫోన్ తీయడం అందరూ చూశారు. చెవి దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నది చెట్లు అడ్డమొచ్చి కనపడలేదు. తరువాత కారు స్టార్టయిన చప్పుడు.

"ఆ రోహన్‌కి ఫోన్ చేశాడంటావా?" అన్నారు రావుగారు.

"చేస్తే ఇందులో తెలుస్తుంది," అన్నాడు ఆంజనేయప్రసాద్.

చేపను అలల వైపు తల తిప్పి పట్టుకోవాలి. అప్పుడు మొప్పల్లోంచి నీరు పారుతుంది. బిగిస్తే పొలుసు ఊడుతుంది, వదులు చేస్తే జారిపోతుంది. పది నిమిషాలకు నీళ్ళు బూట్లలోకి దిగాయి. పదిహేను నిమిషాలకు వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. ఫ్రాంక్ వచ్చి తన కోటు అతని భుజాల మీద కప్పి, పొగలు కక్కే కాఫీ నోటికి అందించి, పక్కనే నిలబడ్డాడు.

కంట్లో రష్మి తలుపు తీయబోయింది. అద్దంలో బొట్టు వంకరగా కనిపించి సర్దుకుంది. మళ్ళీ తలుపు మీద చెయ్యి వేసింది. అమ్మ దగ్గర్నుంచి కాబోలు ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ క్యారియర్‌ని ముట్టుకుని చూసింది, వేడి తగ్గిందేమోనని. ఫోన్ పెట్టేసింది. చున్నీ అంచు సీటు బెల్టులో ఇరుక్కుంది. దాన్ని చింపకుండా తీయడానికి ఎంతసేపు పట్టిందో. విసుక్కుంది, తనలో తానే నవ్వింది. ఎంత సంతోషంగా ఉంది! మొగుడి ఆఫీసుకి ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది, అతను అద్దాల తలుపులోంచి వచ్చి ఆశ్చర్యపోతాడనుకుంటోంది.

ఇరవై రెండో నిమిషంలో ఆ అద్దాల తలుపు తెరుచుకుంది. ఒక కుర్రాడు బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఎర్ర కారు వైపు నడిచాడు.

"వచ్చాడు రావుగారూ," అన్నాడు ఆంజనేయప్రసాద్. "చేసేశాడు వెధవ. రోహన్ వచ్చేశాడు."

"వదిలెయ్ ఇంక. నీ కాళ్ళు నీలబడ్డాయి."

వదిలేద్దామనే అనుకున్నాడు. వేళ్ళు విప్పబోయాడు కూడా. కుర్రాడు ఎర్ర కారు దాటి, పక్కనున్న చెత్తబుట్ట దగ్గర ఆగి, సిగరెట్ ముట్టించుకున్నాడు. రెండు దమ్ములు లాగాడు. లోపలికి పోయాడు.

ఆంజనేయప్రసాద్ పెద్దగా ఏదో తిట్టు తిట్టాడు. ఎవరినో అతనికే తెలియదు. ఫ్రాంక్ మళ్ళీ కాఫీ పట్టాడు.

ముప్పై నిమిషాలకు చేప నీరసించింది. తోక ఆడడం మానేసింది. అతను దాన్ని కొంచెం కొంచెంగా ముందుకు నడిపిస్తూ, నోట్లోకి నీరు పోయేలా చూస్తూ, "ఉండవే తల్లీ, ఇంకొక్క పది," అని బతిమాలాడు. ముప్పై ఐదు. ముప్పై ఎనిమిది. రష్మికి ఇక అడ్డాలు అయిపోయినట్టున్నాయి. క్యారియర్ చేత్తో పట్టుకుంది. తలుపు తెరిచింది. ఒక కాలు బయట పెట్టింది. చెప్పు ఊడింది. వంగి తొడుక్కుంటోంది.

అప్పుడు పార్కింగ్‌లోకి ఒక నల్ల కారు అడ్డదిడ్డంగా వచ్చి ఆగింది.

వినీత్ దిగాడు. మోకాళ్ళ దాకా బురద. మెడలో బ్యాడ్జి లేదు. రష్మి తల ఎత్తి చూసి ముఖమంతా వెలిగి, వెంటనే ఆ బురద చూసి కనుబొమలు ముడిచింది. అతను ఆమె బయట పెట్టిన కాలు మళ్ళీ కారులోకి పెట్టించి, అటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా క్యారియర్. అతను దాని ముడి విప్పుతున్నాడు. ముడి రావడం లేదు. ఆమె ముడి మీంచి అతని చేతులు తీసేసింది.

ఇక అక్కడ చూసే హక్కు తనది కాదని ఆంజనేయప్రసాద్‌కి అనిపించింది. చేతులు తెరిచాడు. చేప పక్కకు ఒరిగింది. ఒక్క క్షణం పోయిందనే అనుకున్నారు అందరూ. తరువాత మొప్పలు ఒకసారి విప్పి మూసి, తోక ఊపి, లోతులోకి దిగిపోయింది.

రావుగారూ, ఫ్రాంకూ చెరో రెక్క పట్టుకుని అతన్ని గట్టెక్కించారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పదిన్నర కావస్తోంది, డ్యూటీకి ఆలస్యమవుతుంది. రావుగారు కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టి, బూట్లు లాగి, నీళ్ళు ఒంపుతూ, "చెప్పాడా? ఏమందా అమ్మాయి?" అని పదేపదే అడిగారు. ఆంజనేయప్రసాద్ నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. అతను చూసింది ఆ ముడి దాకానే.

మీరే చెప్పండి, ఆ కారు అద్దాల వెనక ముందుగా నోరు విప్పింది ఎవరు, అతనా, ఆమెనా?