జాలీ వెనక గొంతు

ప్వేబ్లా ఊళ్లోని కన్యల మఠంలో పాట అంటే పెత్రోనిలాదే. ఇరవై ఏళ్లుగా గుడిలో జనం ఇనుప జాలీ వెనకనుంచి వచ్చే ఆమె లాటిన్ కీర్తన విని కళ్లు తుడుచుకునేవారు. మఠకన్య ముఖం బయటివాళ్లు చూడకూడదు. గొంతును బట్టే గుర్తుపట్టేవారు.

అలాంటి చోటికి మెల్చోరా వచ్చింది. నిన్నమొన్నటిదాకా సంతలో మొక్కజొన్న కుడుములు అమ్మిన పిల్ల. ఈ ఏడు దివ్యసత్ప్రసాద పండక్కి, గుడికి పాటలు కట్టే పాటలయ్య కొత్త పాట కట్టాడు. పల్లవేమో నాలుగు గొంతుల స్తోత్రం, చరణాలేమో అచ్చం వీధి చిందు. రొట్టె రూపంలో దిగివచ్చిన దేవుణ్ణి పేటరౌడీని పొగిడినట్టు పొగడాలి. ఆ చరణాలు మెల్చోరాకిచ్చారు. సాధనప్పుడు గుడిలో ఉన్నవాళ్లు విని, పిల్ల పేరు ఊరంతా మోసేశారు.

పెత్రోనిలాకు కడుపు మండిపోయింది. అలాగని వినడం మానిందా? తప్పులెంచడానికని రోజూ మూల నిలబడి, పిల్ల ఎక్కడ గొంతు విరుస్తోందో, ఎక్కడ మాట సాగదీస్తోందో ఒక్కటీ వదలకుండా విన్నది.

"అదీ ఒక పాటేనా అమ్మగారూ? కుడుములమ్మే కేక!" అని మఠం పెద్దమ్మ దగ్గర మూతి తిప్పింది.

"కేకేలే. వినేది దేవుడు, మధ్యలో నీకెందుకే నొప్పి?" అన్నది పెద్దమ్మ.

పండుగ వంటపనుల పంపకం పెత్రోనిలాది. తెల్లవారగానే మెల్చోరాను పిలిచింది.

"ఏమే, ఆ ఎండుమిరపకాయలన్నీ నువ్వే వేయించు. కిటికీ తెరవకు, గాలికి నిప్పు ఆరిపోతుంది."

"అలాగే తల్లీ" అన్నది ఆ అమాయకురాలు.

మధ్యాహ్నం పూజలో గిటార్లు మోగాయి, పల్లవి అయింది. చరణానికి మెల్చోరా నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రాలేదు. పెద్దమ్మ కంగారుగా పెత్రోనిలా వైపు చూసింది. పెత్రోనిలా కాచుకున్నది దానికోసమే.

తన పద్ధతిలో గంభీరంగా పాడి, పాటంటే ఏమిటో చూపిద్దామనుకుంది. గిటార్ల నడక ఒప్పుకోలేదు. నోటివెంట వచ్చినవన్నీ పిల్ల విరుపులే, పిల్ల సాగదీతలే. కాలు దానంతటదే తాళం వేసింది. జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు, ఆ సంగతి పాడుతూండగానే ఆమెకు తెలిసిపోయింది.

గుడి దద్దరిల్లింది. జాలీమీద పూలు వచ్చి పడ్డాయి.

"శభాష్ మెల్చోరా! మా సంతపిల్లా, నీ గొంతుకు దిష్టి తగలకూడదే!"

పాడింది తనేనని పెత్రోనిలా చెప్పుకునేదెలా? జాలీలోంచి బయటికి మాట్లాడకూడదు. మెల్చోరా ఆమె చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా పరువు నిలబెట్టారు తల్లీ" అన్నది బొంగురుగా. "నాకంటే మీరే బాగా పాడారు. పాపం, వాళ్లకేం తెలుసు!"

"మళ్లీ, మెల్చోరా, మళ్లీ!" అని బయట ఒకటే గోల.

ఆ పేరు వింటుంటే పెత్రోనిలాకు ఒళ్లు మండిపోయింది. అయినా జాలీ దగ్గరికి జరిగి మళ్లీ పాడింది.