ఉన్ని స్వెట్టరు

అది మార్చి తొమ్మిది. మధ్యాహ్నం వదిన తెచ్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. మా ఆవిడ పోయినప్పటి నుంచి వారానికోసారి వదినే ఏదో ఒకటి చేసుకుని నేను పనిచేసే గని మ్యూజియానికి వస్తుంది. తిన్నాక అద్దాల పెట్టెలో ఉన్న అన్నయ్య స్వెట్టరు చూసి వెళ్తుంది. గనిలో గాలి చెడి చనిపోయినవాళ్ళలో అన్నయ్య ఒకడు. ఆ స్వెట్టరు ఒంటిమీద ఉండగానే పైకి తెచ్చారు.

ఆ రోజు పెట్టె ఖాళీగా ఉంది.

"మీ అన్నేడయ్యా?"

"పురుగు పట్టింది వదినా. వైద్యం చేస్తున్నా."

"డాక్టరువి కాలేదని మీ నాన్న మొత్తుకునేవాడు. బట్టలకైనా అయ్యావు," అంటూ నా వెంట లోపలి గదికి వచ్చింది.

స్వెట్టరు బల్ల మీద, లోపలిది కనిపించే మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఉంది. పక్కనే ఇనుపపొడి పొట్లాలు. సంచిలో వేసి అంచు అతికిస్తే లోపలి ప్రాణవాయువునంతా అవి పీల్చేస్తాయి.

"మందు కొట్టవా?"

"మందుకి ఉన్ని పాడవుతుంది. లోపల గాలి తీసేస్తే చాలు, పురుగులు..."

నాలుక కరుచుకున్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"ఊపిరాడక చస్తాయి. ఆయన స్వెట్టర్లోనే!" సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "దులుపు, ఎండలో వెయ్యి. ఇది మాత్రం వద్దయ్యా."

భూతద్దం చేతికిచ్చి స్వెట్టరు మోచేతి దగ్గర చూపించాను. పెళ్ళైన కొత్తలో చిరుగు మీద ఆవిడ వేసిన రఫూ సగం లేదు. మిగిలిన సగాన్ని ఒక తెల్లని పురుగు నములుతోంది.

చాలాసేపు చూసింది.

"దానికి నొప్పి తెలుస్తుందా?"

"ఏమో వదినా."

"మనుషులకి?"

ఆనాడు గని గేటు దగ్గర కూడా ఇదే అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలియదు.

"తెలియదట. మత్తుగా నిద్ర ముంచుకొస్తుందట. బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు."

వదిన సంచిని బల్ల మీద పెట్టి, స్వెట్టరు చేతులు రెండూ మడిచింది. పొట్లాలు వేసి అంచు అతికించాను. కాసేపటికి వదిన సంచి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"వెచ్చగా ఉందేంటి?"

"పొట్లాలు గాలి పీలుస్తూ వేడెక్కుతాయి. కాసేపే ఉంటుంది."

"ఉండనీ," అంది. మ్యూజియం మూసే వేళ దాకా చెయ్యి తియ్యలేదు. లోపల పురుగు ఇంకా కదులుతూనే ఉంది.

లైటు నేను ఆర్పాను. తలుపు మాత్రం వదినే, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.