రూపాయి బిళ్లంత మూత

మూత లోపలి వైపు గరుకు కాగితంతో రుద్ది, నీళ్లు చిలకరించి, మళ్లీ రుద్దుతున్నాడు మాల్యాద్రి. రూపాయి బిళ్లంత పలకరాయి ముక్క అది. లోపలి వైపు ఎవరు చూడొచ్చారు? అయినా ఆయన చాదస్తం ఆయనది. గోరు జారిపోయేంత నున్నగా అయ్యాకే పక్కన పెట్టాడు.

బల్ల మీద జానెడున్నర పొడవున్న యుద్ధ ట్యాంకు బొమ్మ. ఒళ్లంతా మార్కాపురం పలకరాయే. చక్రాల చుట్టూ తిరిగే పట్టీలకు పలక ముక్కలను సూదిమొనతో తొలిచి, రాగితీగకు గుచ్చాడు. ఎదురుగా గోడకు మూడు పాత ఫోటోలు. మొదటిదాంట్లో అన్న మాలకొండయ్య ట్యాంకుకు ఆనుకొని నవ్వుతుంటాడు. ఆయన ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఆ అన్ననే కొలబద్దగా పెట్టుకొని, చక్రాలూ గొట్టమూ అన్నీ లెక్కగట్టాడు తమ్ముడు. రెండోది ట్యాంకు వెనక వైపుది. మూడోది డెబ్బై ఒకటి యుద్ధంలో, ట్యాంకుకు దెబ్బ తగిలి, మంటలారాక తీసింది. గొట్టం వాలిపోయి ఉంది, డ్రైవరు దిగే చోటి మూత బిగుసుకొని ఉంది. ఆ డ్రైవరు అన్నే, ఇంకా లోపలే ఉన్నాడు.

ఫోటోలు తెచ్చిన గిద్దలూరు సిపాయి, పద్నాలుగేళ్ల మాల్యాద్రిని పాక వెనక్కి పిలిచి చెప్పాడు. "మూత ఇరుక్కపోయింది. చుట్టూ మంటలు, దగ్గరికి పోలేకపోయినాం. చానాసేపు లోపల్నుంచి తడతానే ఉన్నాడు. మీ వదినకు చెప్పొద్దు."

వదిన రమణమ్మకు, దెబ్బ తగలగానే పోయినాడనే చెప్పారు.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత మాల్యాద్రి బతుకంతా తట్టడమే. పలకల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు ఒక్కో పలకనూ వేలి కణుపుతో తట్టి విన్నాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గయింది. పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. వదినకు తోడుగా ఆ రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయాడు.

ఈ ఏడు రమణమ్మకు చూపు పూర్తిగా పోయింది.

"నా చేతులకు కనపడేటట్టు చేసియ్యి అబ్బయ్యా," అని అడిగింది. "ఆ ఆఖరి ఫోటోలో ఎట్లుందో అట్లనే. ఆయన కడాకు కూర్చున్న చోటు ఒక్కసారి తడమాల."

ఆ ఫోటోలో ఉన్నట్టే అంటే, మసిలో వదిన కంటికి ఎన్నడూ ఆనని ఆ మూత మూయాలి. మూస్తే, ఎందుకు బయటికి రాలేదని ఆ వేళ్లు అడుగుతాయి. యాభై నాలుగేళ్లు దాచింది కాస్తా దొరికిపోతుంది. తెరిచి పెడితే అబద్ధం. పగిలిన పలకను ఏనాడూ మంచిదని చెప్పని మనిషికి పది రోజులుగా అన్నం సయించలేదు. చివరికి ఫోటోకే కట్టుబడి, మూతను జిగురుతో అంటించేశాడు.

మధ్యాహ్నానికి జిగురు ఆరింది. అలవాటు కొద్దీ ట్యాంకును మూడుసార్లు తట్టి చెవి ఆనించాడు. ఖంగుమంది. కాసేపాగి, లోపలి నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు.

చెవి ఇంకా గట్టిగా ఆనించాడు. వీధిలో తర్లుపాడు ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. లోపల మళ్లీ తట్టారు. ఈసారి మెల్లగా, ఓపిక అయిపోయినట్టు.

"తీస్తాండా అన్నా, తీస్తాండా!"

చాకు మొనతో అంచు వెంబడి జిగురు గీకాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఊపిరి బిగబట్టి మూత లేపాడు. లోపల ఏమీ లేదు. మూతను బల్ల మీద వెల్లకిలా పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నేళ్లకో దగ్గు ఆగింది.

మూడింటికి రమణమ్మ గోడ పట్టుకొని వచ్చింది.

"అయిందా అబ్బయ్యా?"

కుర్చీలో నిద్రపోతున్నాడనుకుంది. చేతులు బల్ల మీద వెతికి ట్యాంకును అందుకున్నాయి. చక్రాలు, గొట్టం, డ్రైవరు చోటు. వేలు లోపలికి దిగింది.

"తెరిచే ఉండె!" ఆమె ముఖం వెలిగింది. "బయటికొచ్చినాడా అయితే?"

పక్కనున్న మూత చేతికి తగిలింది. దాని మీద వేలు అటూ ఇటూ తిరిగి, అక్కడే ఆగిపోయింది.

"ఇన్నేళ్లు ఒక్కడివే ఎట్ల మోసినావురా," అంటూ మరిది చెయ్యి పట్టుకుంది. అది పలకలా చల్లగా ఉంది.

ఇరుగుపొరుగు వచ్చి ఆయన్ను అరుగు మీదికి మోసుకుపోయారు. బల్ల మీద మూత వెల్లకిలా అలాగే ఉంది. పొద్దున గోరు జారిపోయిన ఆ నున్నటి లోపలి వైపు, ఇప్పుడు వెంట్రుకంత సన్నటి గోటిగీతలు పది ఉన్నాయి.