మూడు రోజుల ప్రోగ్రాం

"మొన్ననేగా తలకి పోసుకున్నావు, మళ్ళీ అప్పుడే బయట చేరావేంటి తులసీ?" అంది అచ్చాయమ్మ, కోడలి అన్నం కంచం వెనకగది గుమ్మం దగ్గర పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తూ.

రామతులసి కంచాన్ని లోపలికి లాక్కుంది. "ఏమో అత్తయ్యగారూ, ఈ మధ్య ఇలాగే అవుతోంది" అంది తల దించుకుని. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి తల దించుకోక ఏం చేస్తుంది? నిజానికి ఆమెకేమీ అవలేదు. ఒళ్ళు నిక్షేపంగా ఉంది. నిజంగా వచ్చిన మూడు రోజులూ గడిచి పన్నెండు రోజులే అయింది. అయినా ఆ పొద్దున వంటింటి గడప తొక్కకుండా నేరుగా వెనకగదిలోకొచ్చి చాప పరుచుకుంది. ఎందుకంటే పాత కంప్యూటర్ ఉన్నది ఆ గదిలోనే.

భీమవరంలో ఆ ఇంటి పద్ధతి అది. నెలకి మూడు రోజులు కోడలు దేన్నీ ముట్టుకోకూడదు. పొయ్యి, బిందె, పప్పుల డబ్బా, ఆఖరికి పిల్లల పుస్తకాల సంచీ కూడా. కంప్యూటర్ సంగతి మాత్రం ఏ పెద్దలూ చెప్పి పోలేదు. తన షాపుకి కొత్త మిషన్లు కొన్నప్పుడు మొగుడు ఉదయభాస్కర్ పాతదాన్ని ఇంటికి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక, ఎవరూ వాడని గది కదా అని అక్కడ పడేశాడు. పెళ్ళాం నెలకి మూడు రోజులు అక్కడే తిని అక్కడే పడుకుంటుందన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే మేలైంది.

పెళ్ళికి ముందు ఆమె రాజమండ్రిలో కంప్యూటర్ కోర్సు చదివింది. ఇంజనీరింగ్ కాలేజీకి ఎదురుగా ఆయన డీటీపీ షాపు పెట్టినప్పుడు, కీబోర్డు మీద తెలుగు ఎలా కొట్టాలో ఆయనకి నేర్పింది ఆమే. శుభలేఖలూ, రొయ్యల మేత కంపెనీల కరపత్రాలూ అన్నీ మొదట్లో ఆమె చేతి మీదుగా పోయినవే. కూతురు సుప్రియ కడుపున పడగానే, "కాలేజీ కుర్రాళ్ళ మధ్య నువ్వు కూర్చుంటే ఏం బాగుంటుంది, ఇంటిపట్టున ఉండు" అన్నాడాయన. ఆ తర్వాత బాబు పుట్టాడు. షాపులో వీడియో గేములు కూడా పెట్టారు. ఇంటిపట్టున ఉండడం మొదలై పదేళ్ళయింది.

ప్రోగ్రాం రాయాలన్న ఆలోచన ఆమెకి ఆటలోంచే వచ్చింది. షాపులో కాలేజీ వాళ్ళు ఆడే కారు ఆటనే సుప్రియ ఇంట్లో ఈ ముసలి మిషన్ మీద ఆడేది. కారు ఎంత జోరుగా పోయినా రోడ్డు ఎక్కడా తడబడకుండా వచ్చేది. అదే మిషన్ మీద ఒక తెలుగు పేజీ తెరిస్తే మాత్రం పైనుంచి కిందకి ఒక్కో వరుసా నసుగుతూ దిగేది. ఎందుకని? పప్పు రుబ్బుతున్నా, సుప్రియకి జడలు వేస్తున్నా ఆ ప్రశ్న ఆమె బుర్రని తొలిచేది. రెండు నెలలకి గాని తెలియలేదు. కారు అక్కడికి చేరకముందే ఆట ఆ రోడ్డుని కంటికి కనపడని చోట గీసి పెట్టుకుంటోంది. అయితే పేజీని కూడా అలాగే గీసి పెట్టొచ్చుగా? చదివేవాళ్ళు ఈ పేజీ మీద ఉండగానే వచ్చే పేజీ వెనకాల తయారుగా ఉంటే చాలదా? ఆ మాట తట్టినప్పుడు ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తను చేస్తున్నది అదే. ఆయన చెయ్యి చాపకముందే తువ్వాలు, అత్తగారు దగ్గకముందే వేణ్ణీళ్ళు, పిల్లలు లేవకముందే ఇడ్లీలు. అంతా ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి అది పని అని ఎవరికీ కనపడదు.

నెలకి మూడు రోజుల చొప్పున రెండేళ్ళు రాసింది ఆ ప్రోగ్రాం. మిగతా రోజుల్లో ప్రయత్నించకపోలేదు. ప్రోగ్రాం రాయడమంటే పది సంగతులు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోవాలి. ఎనిమిదో సంగతి దాకా వచ్చేసరికి "తులసీ, పాలు పొంగుతున్నట్టున్నాయి" అన్న కేక వినిపించేది. పొయ్యి కట్టేసి వచ్చేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. వెనకగదిలో ఉన్న మూడు రోజులూ మాత్రం ఆమెని ఎవరూ పిలవరు. అంటు మనిషిని పిలిచి ఏం పని చెప్తారు? లోకం ఆ మూడు రోజుల్ని అవమానమంటుంది. ఆమెకి మాత్రం ఆ మూడు రోజులూ నాలుగైతే బాగుండుననిపించేది.

పిల్లల కథల సీడీలూ, ఆటలూ తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఆమె ఉత్తరం రాసింది. మే నెలాఖరులో జవాబొచ్చింది. ఇలాంటిది తాము చూడలేదనీ, జూలై పదిహేనులోగా పనిచేసే కాపీ పంపితే ఆమె పేరు మీదే తీసుకుంటామనీ రాశారు. ఉదయభాస్కర్ ఆ ఉత్తరం చదివి మడిచి ఇచ్చేశాడు. "వాళ్ళు అందరికీ ఇలాగే రాస్తార్లే. సరే, నీ ఖాళీ టైంలో చేసుకో" అన్నాడు.

ఆ ఖాళీ టైం కోసమే ఆమె అబద్ధమాడింది. ప్రోగ్రాంలో ఒక్క తప్పు మిగిలిపోయింది. పేజీని పట్టీలు పట్టీలుగా గీస్తుంటే, ఒక పట్టీలో అక్షరం పడి, దాని కింది ఒత్తు తర్వాతి పట్టీలోకి పోయి తెగిపోతోంది. ఇంగ్లీషు వాళ్ళకి ఆ బాధ లేదు. అది సరిచేయాలంటే వరసగా పది రోజులు కావాలి. జూన్‌లో మూడు రోజుల్ని అయిదు చేసింది. పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ చేరింది. ఈసారి వారమైనా బయటికి రాలేదు.

ఎనిమిదో రోజున అచ్చాయమ్మ కోడల్ని నర్సింగ్ హోంకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ అడిగినవన్నీ అచ్చాయమ్మని అడిగింది. ఎన్ని రోజులు, ఎంత ఎక్కువ, ఎప్పట్నించి అని. అచ్చాయమ్మ చెప్పుకుపోయింది. రామతులసి ఎటూ తేల్చుకోలేకపోయింది. నిజం చెప్తే ఇంట్లో ఇక మొహం ఎత్తుకోలేదు, చెప్పకపోతే జబ్బు మనిషి కింద లెక్క. మాట పెగిలేలోపే డాక్టరమ్మ కాగితం మీద రాసేసింది. "పిల్లలిద్దరూ ఉన్నారుగా. గర్భసంచి తీసేస్తే ఏ గొడవా ఉండదు. గురువారం రండి. నెల రోజులు మంచం దిగకూడదు."

ఆ సాయంత్రం ఉదయభాస్కర్ ఎంతో ప్రేమగా మాట్లాడాడు. "ఒకందుకు మంచిదే. ఇక నెలనెలా ఆ బాధ ఉండదు. నెలంతా నీదే కదా, అప్పుడు చేసుకో నీ ప్రోగ్రాం" అన్నాడు.

నెలంతా తనదట. నెలంతా ఎవరిదో ఆమెకి తెలియదా? ఉన్న మూడు రోజులూ పోతే ఇక చచ్చేదాకా వంటిల్లే. "ఏవండీ, నాకే జబ్బూ లేదు" అంది. "భయపడకు, ఈ రోజుల్లో అందరూ చేయించుకుంటున్నారు" అని ఆయన భుజం తట్టాడు. ఆమె చెప్పింది ఆయన వినలేదు. ఆపరేషన్ కాగితం మీద మొగుడి సంతకం చాలన్నారు నర్సింగ్ హోం వాళ్ళు. ఆయన పెట్టేశాడు. మూడు రాత్రులు ఆమె కన్ను మూయలేదు. పారిపోవాలనిపించింది, చచ్చిపోవాలనిపించింది, పిల్లల మొహాలు చూసి రెండూ మానుకుంది.

గురువారం పొద్దున అచ్చాయమ్మ తన గదిలో కూర్చుని సంచీ సర్దుతోంది. ఫ్లాస్కు, దుప్పటి, రెండు పాత చీరలు. రామతులసి తలస్నానం చేసి, జుట్టు తడి ఆరకుండానే వచ్చి ఆవిడ ఎదుట నేల మీద కూర్చుంది.

"అత్తయ్యగారూ, నేను అబద్ధం చెప్పాను. నాకేమీ రాలేదు. కంప్యూటర్ మీద పని చేసుకోడానికి వచ్చిందని చెప్పాను."

అచ్చాయమ్మ చీర మడతపెట్టడం ఆపలేదు. "తెలుసు" అంది.

"తెలుసా?"

"వారం రోజులు బయటున్న మనిషి దండెం మీద ఒక్క గుడ్డ ఆరెయ్యకపోతే తెలీదా నాకు?"

"మరి డాక్టరు దగ్గర..."

"ఏం చెయ్యమంటావు? నువ్వు ఆ గదిలో కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? నా నడుం వంగట్లేదు. అబద్ధమాడుతున్నావని అరిస్తే రచ్చ. ఈ ఆపరేషనైతే, నెల్లాళ్ళు ఓర్చుకుంటే చాలు, ఎవరికీ ఏ మాటా రాకుండా పోద్ది." ఆవిడ గొంతులో కోపం లేదు. సంచీలో చీర పెట్టింది. "ఆ గది సుఖం నాకు తెలీదనుకోకు. నా కాలంలో ఆ మూడు రోజులూ ఒళ్ళు తెలీకుండా నిద్రపోయేదాన్ని. అది ఆగిపోయి ఇరవయ్యేళ్ళు. ఈ ఇరవయ్యేళ్ళలో పట్టపగలు ఒక్క కునుకు తీశానా, చూశావా నువ్వు?"

రామతులసికి అత్తగారి మీద కోపం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిలో ఇరవయ్యేళ్ళ తర్వాతి తనే కనపడింది. అలసిపోయి, తనకి దక్కనిది ఇంకొకరికి దక్కితే ఓర్చుకోలేక, అది తప్పని కూడా తోచని మనిషి. తనూ ఇలాగే అవుతుంది. రేపు సుప్రియ విషయంలోనో, కోడలి విషయంలోనో ఇలాగే సంచీ సర్దుతుంది.

వీధిలో ఆటో ఆగింది. ఉదయభాస్కర్ గుమ్మంలోంచి "తులసీ, టైమవుతోంది" అని కేకేశాడు.

ఆమె లేచింది. సంచీ అందుకోలేదు. తడి జుట్టు ముడేసుకుని వెనకగదిలోకి వెళ్ళి మిషన్ ఆన్ చేసింది. గడువుకి మిగిలిన వారం రోజుల్లో ఆ తప్పు సరిచేయగలదో లేదో ఆమెకి తెలియదు. సరిచేసినా కంపెనీ వాళ్ళు తీసుకుంటారో లేదో అదీ తెలియదు.

"తలకి పోసుకుని ఆ గదిలోకి వెళ్ళావేంటి?" అంటూ అచ్చాయమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ వెనకాలే ఉదయభాస్కర్ వచ్చాడు.

"ఏంటిది తులసీ? అక్కడ డాక్టరుగారు ఎదురుచూస్తుంటారు. ఏమని చెప్పను ఆవిడకి?"

రామతులసి తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నాకు పనుందని చెప్పండి" అంది.