ఎర్రపొడి నూరిన కల్వం

కల్వం ఇంటికి తిరిగొచ్చిన రోజే సలోమి దాన్ని పోగొట్టుకుంది.

అది ఆమె భర్త కృపాదానంది. కాకినాడ దగ్గర మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసిన మనిషి. కెనడాలోని ఎటోబికో వచ్చేటప్పుడు చొక్కాలు తగ్గించుకుని మరీ ఆ నల్లరాతి కల్వాన్ని పెట్టెలో సర్దుకున్నాడు. తాగే మందుకు ఒకటి, పూత మందుకు ఒకటి. రెండూ కలవకూడదన్నది ఆయన పట్టు. ఇది తాగే మందుది. ఆయన పోయి ఏడాది కాలేదు.

వందేళ్లనాటి మందుల షాపును టీవీ డాక్యుమెంటరీ కోసం మళ్లీ కట్టి చూపిస్తున్నామని, పాత సామాను కావాలని టోనీ అడిగాడు. అతను సలోమి వాళ్ల చర్చిలో పెరిగినవాడే. షూటింగుకు మనుషుల్నీ వస్తువుల్నీ సమకూర్చడం అతని పని. సలోమి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఏనీకి కూడా అక్కడ పని ఇప్పించాడు. ఆ ఏడాది అక్కడి కాలేజీలకు గుంపులుగా వచ్చిపడ్డ మన పిల్లల్లో ఏనీ ఒకతి. పాతకాలపు గౌను తొడుక్కుని కెమెరా ముందు మందు నూరాలి. భర్త చేసిన పనిని నలుగురూ చూస్తారని సలోమి సంతోషంగానే కల్వం ఇచ్చింది.

అది తిరిగొచ్చిన సాయంత్రం, ఆంటీ దగ్గుతోందని ఏనీ అందులో శొంఠి, మిరియాలు దంచింది. పొడి ఎర్రగా దిగింది. సలోమి కషాయం పెట్టనివ్వలేదు. అక్కడేం నూరించారని అడిగింది. పుండ్ల మీద వేసే పట్టీ మందు నూరే సీనట, పొడి మాత్రం ఉత్త రంగేనన్నారట. సలోమి టోనీకి ఫోన్ చేసింది.

"రెడ్ లెడ్ ఆంటీ. అప్పట్లో అదే వాడేవాళ్లంట. డైరెక్టర్‌కి ఒరిజినల్ కలరే కావాలి. నీట్‌గా వాష్ చేశాం కదా."

సీసం. రాయి పీల్చుకున్నదాన్ని ఏ సబ్బు వదిలిస్తుంది? పాతకాలం దృశ్యానికి నప్పవని ఏనీకీ, తనలాగే నూరిన మిగతా పిల్లలకూ చేతి తొడుగులు కూడా ఇవ్వలేదు. టోనీ పాలరాతి కల్వం కొనిస్తానన్నాడు, ఇంకా బాగుంటుందన్నాడు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన సలోమికి నోరు అదుపులో పెట్టుకోవడం తెలుసు. ఆ పూట కష్టమైంది.

"నాకు కల్వం వద్దు నాయనా. ఆ పొడి నూరిన పిల్లలందరికీ ఫోన్ చేసి చెప్పు."

"ఎలా ఆంటీ? రోజుకొకళ్లు వచ్చారు. స్టూడెంట్సే కదా, క్యాష్ ఇచ్చి పంపేశాం. పేర్లు రాసుకోలేదు."

"గౌన్లకి కొలతలు తీసుకున్నారుగా. పేర్లు మాత్రం అక్కర్లేకపోయాయా?"

ఏనీ ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దాంటీ, కంప్లైంట్ చేయకండి. స్టూడెంట్స్ వారానికి ఇరవై గంటలే పని చేయాలి, నేను దాటేశా. తెలిస్తే స్టడీ పర్మిట్ పోద్ది."

విషం నూరించినవాడు తాపీగా ఉన్నాడు, నూరిన పిల్ల దొంగలా వణుకుతోంది. సలోమికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఏనీని వెంటబెట్టుకెళ్లి రక్త పరీక్ష చేయించింది. సీసం ఉందన్నారు, భయపడేంత కాదు, మళ్లీ చూడాలన్నారు. కల్వాన్ని మూటగట్టి, విషపదార్థాలు పారేసే చోట తన చేత్తోనే ఇచ్చి వచ్చింది. పొడి నూరిన పిల్లలకు సీసం సంగతి చెప్పమని, ఏనీ పేరు ఎత్తకుండా డైరెక్టరుకు రాసింది. సామాను ఇచ్చినందుకు ధన్యవాదాలనీ, ఆ సీను అద్భుతంగా వచ్చిందనీ జవాబు వచ్చింది.

డాక్యుమెంటరీ టీవీలో వచ్చింది. ఏనీవి కాని చేతులు కూడా ఆ ఎర్రపొడిని నూరుతూ కనిపించాయి. ముఖాలు చూపించలేదు. ఆ పిల్లలెవరో సలోమి కనుక్కోలేకపోయింది. వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.