బాణానికి చెప్పిన మాట

ఆ ఇంట్లో రెండు కుక్కలు. మరిది పెంచేది వేటకుక్క, పేరు బాణం. మామగారి వెంట గొర్రెల్ని కాసేది మందకుక్క. చెదిరిన గొర్రెల్ని ఊడ్చినట్టు ఒకచోటికి చేరుస్తుందని దానికి చీపురని పేరు పెట్టారు. ఏది గొప్పదన్న వాదన లేకుండా ఆ ఇంట్లో ముద్ద దిగేది కాదు.

"వదినా, నా బాణం కదిలిందంటే కుందేలు పని అయిపోయినట్టే. చీపురుకి ఏం వచ్చు, చుట్టూ తిరగడం తప్ప?" అనేవాడు మరిది.

"బాణంతో ఇల్లు ఊడుస్తావా ఏంట్రా?" అనేది అత్తగారు.

కోడలికి రెండూ గిట్టవు. బాణం చూపంటే భయం. చీపురంటే విసుగు. రెండున్నరేళ్ళ కొడుకు గేటు దాకా వెళ్తే చాలు, అడ్డంపడి ముక్కుతో పొడిచి వెనక్కి నెట్టేది. "వాడేమన్నా గొర్రెపిల్ల అనుకున్నావటే?" అని కసురుకునేది.

ఆ మధ్యాహ్నం బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేసరికి పిల్లాడు లేడు. గేటు గడియ ఊడి ఉంది. మంచం కింద చూసింది, దొడ్లో చూసింది. నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టడానికి గుండె చాల్లేదు, అయినా పెట్టి దేవింది. లేడు. ఇంటి ముందు కొండవాలు మీంచి పొగమంచు దిగుతోంది. వాలు కింద రెల్లుగడ్డి, గడ్డి అవతల వాగు.

అప్పుడే మామగారు ఒక్కడే గొర్రెల్ని తోలుకొచ్చాడు. "చీపురు మందని వదిలేసి ఎటో పోయిందమ్మా. ఎంతైనా కుక్క బుద్ధి!"

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. పరుగున పోయి బాణం గొలుసు విప్పింది. పిల్లాడి చొక్కా దాని ముక్కు దగ్గర పెట్టింది. వేటలో మరిది దానితో ఏమంటాడు? ఒకే ఒక్క మాట అంటాడు.

"పట్టు!"

బాణం మంచులోకి దూసుకుపోయింది.

కేకలు విని మరిది కంచె దూకి వచ్చాడు. ఖాళీ గొలుసు చూశాడు. "ఏ మాట చెప్పావు వదినా?"

"నువ్వు చెప్పేదే. పట్టు అన్నా."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ మాటకి అది వెతికి ఊరుకోదు వదినా. మెడ పట్టేస్తుంది."

పట్టు. పాలు పొంగుతున్నప్పుడు, స్నానానికి వెళ్ళేటప్పుడు, బిడ్డని మొగుడి చేతుల్లో పెడుతూ "కాస్త పట్టు" అని రోజుకి పదిసార్లు అనే మాట.

ఇద్దరూ వాలు మీద పడి పరిగెత్తారు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలీదు. "నా నోరు పడిపోను, నా నోరు పడిపోను" అంటూనే ఉంది. కింద ఎక్కడో బాణం అరుస్తోంది.

"అరుస్తోందంటే ఇంకా దొరకలేదన్నమాట," రొప్పుతూ అన్నాడు మరిది. "నోటికి చిక్కితే అరవదు."

అరుపు ఆగిపోయింది.

మరిది ఆగాడు. ఆమె ఆగలేదు. రెల్లు మొహాన్ని కోస్తున్నా, మోకాలి దాకా బురద లాగుతున్నా, ఏ దేవుడికి ఏం మొక్కాలో తెలీక కొడుకు పేరే మొక్కులా పిలుస్తూ పడింది, లేచింది.

బాణం నోటికి చిక్కింది చీపురు చెవి.

వాగు ఒడ్డున రెల్లు గుండ్రంగా అణిగిపోయి ఉంది. ఎంతసేపు చుట్టూ తిరిగితే అంత దారి పడుతుంది! ఆ గుండ్రం మధ్యలో పిల్లాడు. వాడికీ బాణానికీ మధ్య, నెత్తురు కారుతున్నా నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు చీపురు. కరవలేదు, కదల్లేదు.

వెనకాలే వచ్చిన మరిది బాణం మెడపట్టీ అందుకుని లాగేశాడు.

"అమ్మా, చీపులు నీల్లలోకి పోనీట్లేదు," అని చాడీ చెప్పాడు పిల్లాడు. "కొత్తు దాన్ని."

ఆమె బురదలో కూలబడి, ఒక చేత్తో వాణ్ణి, ఇంకో చేత్తో ఆ తడి మెడని గట్టిగా కావలించుకుంది.

గేటు దగ్గర అత్తగారు ఏడుస్తూ చేతులు చాచింది. అలవాటైన మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"ఎత్తుకోండత్తయ్యా," అంది. "కాస్త ఎత్తుకోండి."