నాలుగుసార్లే పడిన ప్రశ్న

బాలప్ప కనురెప్పలు వాలిపోతున్నాయి. నర్సు ఎస్తేరు వేలితో పైకెత్తి వదిలింది. మళ్లీ మూతపడ్డాయి.

"కట్లపాము కాటే మేడమ్. చేలో శనక్కాయ కుప్ప కాడ నేల మీద పండుకున్నాడంట. ఆ పాము కరిస్తే గుర్తు కూడా కనపడదు. కడుపు నొస్తాందని చెప్తే, కంప్యూటరేమో గ్యాసు, ఇంటికి పంపు అంటాండాది."

తెర మీద ఆకుపచ్చ రంగు. ఎరుపు పడితే తప్ప మందుల గదిలోంచి విరుగుడు ఇంజెక్షన్ బయటికి రాదు. ఆ నియమం పెట్టింది సునందే. లక్షణాలు అడిగి జబ్బు పసిగట్టే ఆ ప్రోగ్రామ్ రాసిందీ ఆమే. దాని పనితీరు చూసిపోదామని పొద్దున్నే వచ్చి ఈ మంచం పక్కన ఇరుక్కుంది.

"ఏమమ్మా, నా మొగుడు చస్తాంటే ఆ పెట్టెను చూస్తాండారా?" బాలప్ప భార్య చిన్నక్క గద్దించింది. గార్లదిన్నె నుంచి ఆటోలో మొగుడి తలను ఒళ్లో పెట్టుకొని వచ్చిన మనిషి.

'రెప్పలు వాలుతున్నాయా?' అన్న ప్రశ్న ఉండాలి. సునంద జాబితా అంతా వెతికింది. లేదు. ఈ ఆసుపత్రిలో ఎవడో కెలికాడు. తిట్టుకుంటూ ప్రశ్నను తిరిగి చేర్చింది. ఎస్తేరు 'అవును' నొక్కింది. తెర ఎర్రబడింది. ఇంజెక్షన్లు వచ్చాయి. అప్పటికే ఊపిరి అందక బాలప్ప గొంతులో గొట్టం వేయాల్సి వచ్చింది.

సూపరింటెండెంట్ విజయభాస్కర్ వడ నములుతూ వచ్చాడు. నూనె వేలు తెర మీద పెట్టి గీశాడు.

"తప్పు నొక్కింటావులే ఎస్తేరూ. మెమో తీసుకో."

"ఆ ప్రశ్న ఎవరు తీశారో ఇందులోనే ఉంటుంది సార్," అంటూ సునంద మార్పుల చిట్టా తెరిచింది.

పోయిన నెల. తీసినవారు: సునంద.

అప్పుడు గుర్తొచ్చింది. తనిఖీ ఉంది, రోగికి నిమిషం దాటకూడదు, ఒక ప్రశ్న తగ్గించమని ఫోన్ చేసింది ఈయనే. ఆరు నెలల్లో 'అవును' తక్కువసార్లు పడిన ప్రశ్న ఏదో చూసి, టీ తాగుతూ కొట్టేసింది తను. నాలుగుసార్లే పడింది. ఆ నాలుగూ నలుగురు మనుషులని తట్టనే లేదు.

"మూసేయండి మేడమ్," విజయభాస్కర్ చెవి దగ్గరికి వంగాడు. వడ వాసన ముఖానికి కొట్టింది. "నర్సు మీదికి పోతుంది. మనకేల?"

అతన్ని చూసి అసహ్యించుకుందామంటే, తెర మీద తన పేరే జిడ్డుగా మెరుస్తోంది.

"గుసగుసలేంది?" చిన్నక్క అడ్డం నిలబడింది. "ఆ ప్రశ్న ఎవరు తీసినారు? పేరు చెప్పు."

"తీయమన్నది ఈ విజయభాస్కర్ సారు," అంది సునంద, వార్డంతా వినేలా. "ఎందుకని అడక్కుండా తీసింది నేను. నా పేరు సునంద."